పేకోస్‌లో ఆర్వీ ఆపి ఒక్క పగట్లో పనులన్నీ చక్కబెట్టుకోగలమా?

మీరు అడిగింది ఇదీ. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి డాలస్ నుంచి అద్దె ఆర్వీలో, అంటే పడక, వంటగది అన్నీ ఉన్న ఇంటి బండిలో బయల్దేరుతున్నారు. 30 అడుగుల క్లాస్ సి (నడిపే క్యాబిన్, ఇల్లు ఒకే బండిగా ఉండే మధ్య సైజు రకం), వెనక కారు లేదు. ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. కార్ల్స్‌బాడ్ గుహలు చూసుకుని, పశ్చిమ టెక్సస్ ఊరు పేకోస్ మీదుగా బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్తారు. మధ్యలో పేకోస్‌లో ఆగి బట్టలు, సరుకులు, ప్రొపేన్, నాన్నగారి బీపీ మందులు, ఒక పార్సిల్, ట్యాంకులు ఖాళీ చేయడం ఇవన్నీ ఒక్క పగట్లో అవుతాయా? ఊరు సేఫేనా? ఆఖర్న అమ్మగారి ప్రశ్న ఒకటి, పెరుగు సంగతేమిటని.

అవుతాయి, ట్యాంకులు ఖాళీ చేయడం మాత్రం మర్నాడు పొద్దున. పెరుగు సంగతి చివర్లో చెబుతాను.

నేను పశ్చిమ టెక్సస్ ఆయిల్ ఊరు మిడ్‌ల్యాండ్‌లో ఏడేళ్లు ఆయిల్‌ఫీల్డ్ పంపుల మీద పనిచేశాను. ఆ ఏడేళ్లలో పేకోస్‌కి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. సగం ఉద్యోగం కోసం, సగం మా ఫిఫ్త్ వీల్ (పికప్‌కి తగిలించి లాగే ఇంటి ట్రైలర్) లాక్కుని కుటుంబంతో. అందుకే ఆ ఊరిని రెండు వైపుల నుంచీ చూశాను. ముందు ఒక చిన్న మాట: పేకోస్ అని రాసినా అక్కడివాళ్లు ‘పేకస్’ అంటారు. ఫోన్ చేసి అడిగేటప్పుడు అలాగే అనండి.

2020 జనాభా లెక్కల్లో ఊరు దాదాపు పదమూడు వేలు. ఒకప్పుడు రైలు, పశువులు, కర్బూజాలు, అంతే. ప్రపంచంలో మొదటి రోడియో 1883లో తమ ఊళ్లోనే జరిగిందని వాళ్ల గొప్ప. తర్వాత డెలావేర్ బేసిన్‌లో, అంటే ఊరి చుట్టూ ఉన్న ఆయిల్ ప్రాంతంలో, డ్రిల్లింగ్ ఊపందుకున్నాక ఊరు మారిపోయింది. రిగ్గుల మీద, ట్రక్కుల మీద పనిచేసేవాళ్లు మ్యాన్ క్యాంపుల్లో (పనివాళ్ల తాత్కాలిక వసతులు), ఆర్వీ పార్కుల్లో (ఇంటి బండ్లు ఆపుకుని ఉండే చోట్లు) ఉంటారు. వాళ్ల ఇళ్లు ఎక్కడో లూసియానాలోనో ఓక్లహోమాలోనో. రెండు వారాలు పని, ఆ తర్వాత ఇల్లు. ఆ పనిదినాలని ‘హిచ్’ అంటారు. పదమూడు వేలకని కట్టుకున్న కొట్లు, పంపులు, రోడ్లు వీళ్లందరి బరువునూ మోస్తున్నాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీ రోజు ఎలా వేసుకోవాలో దానంతటదే తెలుస్తుంది.

షిఫ్టు పన్నెండు గంటలు. మామూలుగా పొద్దున ఆరు, సాయంత్రం ఆరు దగ్గర మారుతుంది. అంటే తెల్లవారుజామున నాలుగున్నరకే గ్యాస్ స్టేషన్లలో కాఫీకి, బరీటోలకి క్యూ ఉంటుంది. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా కిరాణాలో, లాండ్రీలో, ఫార్మసీలో బూట్ల చప్పుడే. మన దగ్గర సంత రోజున రాజోలు సెంటర్లో కారు తిప్పడం ఎలాంటిదో, సాయంత్రం ఆరింటికి పేకోస్‌లో 30 అడుగుల బండి తిప్పడం అలాంటిది. అదే పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఊరు నిద్రపోతున్నట్టుంటుంది. మీ పనులన్నీ ఆ ఆరు గంటల్లో పెట్టుకోండి.

ముందురోజు కార్ల్స్‌బాడ్ నుంచి ఎప్పుడు బయల్దేరతారన్నది కూడా దీనికి సంబంధించిందే. కార్ల్స్‌బాడ్ న్యూ మెక్సికోలో ఉంది, మౌంటెన్ టైమ్. పేకోస్ టెక్సస్, సెంట్రల్ టైమ్. సరిహద్దు దాటగానే ఒక గంట పోతుంది. గ్వాడలూప్ మౌంటెన్స్ పార్కు టెక్సస్‌లోనే ఉన్నా అక్కడ మౌంటెన్ టైమే పాటిస్తారు, అది ఇంకో తిరకాసు. ఇవన్నీ తెలిసి కూడా ఒకసారి నేను బోల్తా పడ్డాను. మా ఆవిడ థైరాయిడ్ మందు రీఫిల్‌ని పేకోస్ ఫార్మసీకి పెట్టించి, ఆరింటికి మూస్తారని తెలిసి, కార్ల్స్‌బాడ్‌లో మూడున్నరకి తీరిగ్గా బయల్దేరాను. రెండు గంటల దారి కదా అని ధీమా. ఫార్మసీ తలుపు ముందు నిలబడేసరికి గోడ గడియారం ఆరున్నర దాటింది, లోపల లైట్లు తీసేస్తున్నారు. నేను కార్ల్స్‌బాడ్‌లో ‘మూడున్నర’ అనుకుంటున్నప్పుడే పేకోస్‌లో నాలుగున్నర అయిందన్నమాట. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే భయం. కాబట్టి మీరు కార్ల్స్‌బాడ్‌లో మధ్యాహ్నం పన్నెండుకల్లా కదలండి.

ఆ దారి గురించి ఇక్కడే చెప్పేస్తాను, ‘సేఫేనా’ అన్న ప్రశ్నకి అసలు జవాబు అక్కడే ఉంది. యూఎస్ 285, దాదాపు 85-90 మైళ్లు. ఊళ్లో మనుషుల వల్ల భయమేమీ లేదు. మట్టి కొట్టుకుపోయిన బట్టలతో గడ్డాలు పెంచుకుని కనిపించేవాళ్లే మీ అమ్మగారికి తలుపు పట్టుకుని ‘మ్యామ్’ అని దారిస్తారు. భయపడాల్సింది ఈ రోడ్డుకి. ఇక్కడివాళ్లు దీన్ని ‘డెత్ హైవే’ అంటారంటే ఊరికే కాదు. బావిలోకి పంపే ఇసుక మోసే ట్రక్కులు, బావి నుంచి వచ్చే ఉప్పునీళ్లు మోసే ట్యాంకర్లు, పైపులు వేసుకున్న ట్రైలర్లు, వాటి మధ్య నుంచి దూసుకొచ్చే పికప్‌లు. ఈ బేసిన్‌లో ఒక పీపా నూనె తీస్తే అంతకు చాలా రెట్లు ఉప్పునీళ్లు వస్తాయి. పైపులైను లేనిచోట ఆ నీళ్లన్నీ రోడ్డెక్కాల్సిందే. పన్నెండు గంటల షిఫ్టు దిగి నిద్రకళ్లతో నడిపేవాళ్లూ ఉంటారు. అందుకని చీకట్లో ఈ రోడ్డు మీదకి వెళ్లొద్దు, షిఫ్టు మారే వేళల్లో అసలే వద్దు. పగలైనా హెడ్‌లైట్లు వేసుకోండి. వెనక ట్రక్కు తోసుకొస్తోందని వేగం పెంచకండి, ఖాళీ చూసుకుని దాటిపోతాడు. ముందు ఇసుక ట్రక్కు ఉంటే దూరం ఉంచండి. అద్దానికి రాయి తగిలితే ఆ బిల్లు మీదే, అద్దె కాగితాల్లో చూడండి.

ఇంకోటి. జీపీఎస్ ‘దగ్గర దారి’ అని కాలిచీ రోడ్లలోకి, అంటే తెల్ల సున్నపు మట్టి పరిచిన రోడ్లలోకి తిప్పుతుంది. అవి లీజ్ రోడ్లు, బావుల దగ్గరికి వెళ్లేవి. వాటి జోలికి పోవద్దు. ఫ్లేర్ మంటలు (బావుల దగ్గర వృథా గ్యాస్‌ని కాల్చే మంటలు) దగ్గరగా చూపిద్దామని పిల్లలతో కూడా వద్దు. గేటు దగ్గర ‘హెచ్2ఎస్’ అని బోర్డు ఉందంటే అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చని అర్థం. కుళ్లిన గుడ్ల వాసన. కాస్త మోతాదు పెరిగితే ముక్కుకి ఆ వాసన పట్టే శక్తే పోతుంది, వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని కాదు. మాది కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి ఎగజిమ్మిన గ్యాస్) 65 రోజులు మండినప్పుడు నేను ఆరో తరగతి. రాత్రిళ్లు మా డాబా మీద నుంచి ఆకాశం ఎర్రగా కనిపించేది, మాకదో వినోదం. మా నాన్న మాత్రం ఒక్కరోజు కూడా అటు తీసుకెళ్లలేదు. ఆయనెందుకు ఒప్పుకోలేదో ఈ ఉద్యోగంలో చేరాకే అర్థమైంది. మంటలు రోడ్డు మీద నుంచే బాగా కనిపిస్తాయి, సాయంత్రం పార్కులో కూర్చుని చూపించండి, చాలు.

పార్కు బుకింగ్ ముందే చేసుకోవాలి. ఇక్కడి ఆర్వీ పార్కుల్లో ఎక్కువ స్థలాలు నెలవారీ మనుషులవి. ఒక్క రాత్రికి ఇచ్చేవి కొన్నే. ఫోన్ చేసి ‘ఓవర్‌నైట్, పుల్-త్రూ, 30 అడుగులు’ అని మూడు ముక్కల్లో అడగండి. రివర్స్ చేసే పని లేకుండా నేరుగా వెళ్లి నేరుగా బయటికొచ్చే స్థలం అది. ఆయిల్ ధర బాగున్నప్పుడు స్థలం దొరకదు. 2019లో మా ఫిఫ్త్ వీల్‌కి చోటు లేక మోనహాన్స్ దాకా వెళ్లాం. 2020 ఏప్రిల్ 20న బ్యారెల్ ధర సున్నా కిందకి, మైనస్ 37 డాలర్లకి పడింది. ఆ ఏడాది చివర్లో అదే పార్కుకి వెళ్తే సగం ఖాళీ, మేనేజరు తనే బయటికొచ్చి ఏ స్థలం కావాలో ఎంచుకోమంది. దొరక్కపోతే వాల్‌మార్ట్ స్థలంలో పడుకోవచ్చనుకుంటున్నారేమో. అది ఆ స్టోర్ మేనేజరు ఇష్టం, ఇలాంటి ఊళ్లలో చాలాచోట్ల ఒప్పుకోరు. అడక్కుండా ఆగొద్దు.

పార్కులో పగలు పడుకునేవాళ్లుంటారని పిల్లలకి ముందే చెప్పండి. రాత్రి షిఫ్టు వాళ్ల ట్రైలర్ కిటికీలకి వెండి రేకు అంటించి ఉంటుంది, దాన్ని బట్టి తెలిసిపోతుంది. అటువైపు బంతి ఆటలు వద్దు. దానికి బదులు తెల్లారగట్ల నాలుగింటికి డీజిల్ పికప్‌లు వరసగా స్టార్ట్ అయినప్పుడు మీరు సర్దుకోవాలి.

ఇక పనుల వరస. పొద్దున తొమ్మిదికి మొదట లాండ్రీ, ఎందుకంటే అది మీరు లేకపోయినా నడుస్తుంది. బట్టలు మెషీన్లలో తిరుగుతుండగా ఒకరు అక్కడ కూర్చుంటే మిగతావాళ్లు మందులు, పార్సిల్ చూసుకోవచ్చు.

ఆయిల్ ఊరి లాండ్రీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, నా చేతులు కాలాయి కాబట్టి. లోపలికి వెళ్లగానే గోడల మీద బోర్డులు చూడండి. ‘ఆయిల్‌ఫీల్డ్ బట్టలు ఇక్కడ వేయరాదు’ అని కొన్ని మెషీన్ల మీద ఉంటుంది. కొన్ని మెషీన్లు వాళ్ల కోసమే విడిగా ఉంటాయి, వాటిని ‘గ్రీసర్లు’ అంటారు. మేం మొదటిసారి వెళ్లినప్పుడు నాకీ సంగతి తెలీదు. మెషీన్లన్నీ నిండున్నాయి, మూలన ఒకటి ఖాళీగా కనిపించింది. ఆహా అదృష్టం అనుకుని మా నాన్న పంచెలు, పిల్లల బట్టలు కుక్కేశాను. బోర్డు మెషీన్‌కి పక్కవైపున ఉంది, దాని మీద ఎవరో జాకెట్ తగిలించారు. బయటికి తీసేసరికి పంచెలు వాన మబ్బు రంగులో ఉన్నాయి, అంచుకి పొడుగ్గా నల్లటి చార. మా నాన్న దాన్ని విప్పి వెలుతురుకి పట్టి చూసి, “ఇది ఉతికారా, ఇంజన్ తుడిచారా?” అన్నాడు.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. మామూలు మెషీన్ అయినా సరే, తడి తెల్ల టిష్యూ తీసుకుని డ్రమ్ము లోపల ఒక చుట్టు, తలుపు దగ్గర రబ్బరు మడతలో ఒక చుట్టు తుడుస్తాను. ఆ రబ్బరు మడతలోనే ఉంటుంది అసలు సంగతి. టిష్యూ కాటుక అంటినట్టు నల్లగా వస్తే ఇంకో మెషీన్. డ్రయర్‌కీ ఇదే పరీక్ష. ఒకవేళ గ్రీజు అంటినా కంగారు పడొద్దు. డ్రయర్‌లో మాత్రం వేయకండి, వేడికి మరక పట్టుకుపోతుంది. గిన్నెలు తోమే సబ్బు చుక్క మరక మీద వేసి వేళ్లతో నలిపి, పావుగంట ఆగి వేడినీళ్లలో మళ్లీ తిప్పండి. నాన్న పంచెల్లో రెండు అలాగే దక్కాయి.

క్వార్టర్లు (పావు డాలరు నాణేలు) ఇంటి దగ్గర నుంచే ఒక రోల్ తెచ్చుకోండి. చిల్లర మెషీన్ పనిచేయని రోజు మీరు వెళ్లిన రోజే అవుతుంది. సాయంత్రం వెళ్తే ఏమవుతుందంటారా? అందరూ ఒకేసారి షిఫ్టు దిగి వస్తారు, ఒక్కొక్కరివి రెండేసి సంచులు. గంటన్నర వెయిటింగ్. ఆదివారమైతే పగలు కూడా రద్దీయే.

పార్సిల్‌కి ఊళ్లో మీకు అడ్రస్ లేదు కదా, పోస్టాఫీసుకే రప్పించుకోవచ్చు. దాన్ని ‘జనరల్ డెలివరీ’ అంటారు. మీ పేరు, కింద ‘జనరల్ డెలివరీ’ అన్న మాట, ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్, అంతే అడ్రస్. మామూలుగా 30 రోజుల దాకా ఉంచుతారు. కౌంటర్లో ఫొటో ఐడీ చూపించాలి, పార్సిల్ మీద పేరు ఐడీలో ఉన్నట్టే ఉండాలి. మనవాళ్లకి ఇంటిపేరు ఎటు పడిందో తెలియక ఇక్కడే ఇబ్బంది వస్తుంది, పంపేటప్పుడే చూసుకోండి. ఆ పోస్టాఫీసు జనరల్ డెలివరీ తీసుకుంటుందో లేదో ముందు ఫోన్ చేసి అడగండి. ఇది యూఎస్ పోస్టుకే. యూపీఎస్, ఫెడెక్స్ ద్వారా వచ్చేవి ఈ అడ్రస్‌కి పెట్టొద్దు, వాటికి ఆర్వీ పార్కు ఆఫీసుని అడగండి, చాలామంది తీసుకుంటారు. పోస్టాఫీసుల్లో భోజనం వేళకి కౌంటర్ మూసేవి ఉంటాయి, పన్నెండు లోపే వెళ్లండి.

నాన్నగారి మందులు. ఆయన ఇండియా నుంచి తెచ్చుకున్నవి సరిపోతే అంతకన్నా మంచిది లేదు. సరిపోవంటే, ఇండియా డాక్టరు చీటీ చూపిస్తే ఇక్కడ ఇవ్వరు. బయల్దేరకముందే డాలస్‌లో ఒక డాక్టర్ని చూపించి, పెద్ద చెయిన్ ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ వేయించండి. అప్పుడు దారిలో ఏ బ్రాంచిలోనైనా తీసుకోవచ్చు. బీపీకి లిసినోప్రిల్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ లాంటి పాత మందులు ఇన్సూరెన్స్ లేకపోయినా వాల్‌మార్ట్‌లో 4 డాలర్ల నుంచి మొదలయ్యే జాబితాలో ఉన్నాయి. ముందురోజే ఫోన్ చేసి సిద్ధంగా ఉంచమనండి, చిన్న ఊరి ఫార్మసీలో స్టాకు లేకపోతే మర్నాటి ట్రక్కు దాకా ఆగాలి. ఒంట్లో బాగోలేక క్లినిక్కి వెళ్లాల్సొస్తే మన డాక్టరే కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. జే-1 వీసా మీద చదువుకున్న డాక్టర్లు ‘కాన్రాడ్ 30’ అనే పథకం కింద డాక్టర్లు తక్కువున్న ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేస్తే, రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న నిబంధన తప్పుతుంది. అలా వచ్చిన మనవాళ్లు పశ్చిమ టెక్సస్ చిన్న ఊళ్లలో ఉంటారు. మా అబ్బాయికి చెవిపోటు వచ్చినప్పుడు చూసినాయన గుంటూరాయన. మందు రాసిచ్చాక, ఇక్కడ మంచి బిరియానీ ఎక్కడ దొరుకుతుందని ఆయనే మమ్మల్ని అడిగాడు. మిడ్‌ల్యాండ్ వెళ్లాలని చెప్పా.

పదకొండున్నర ప్రాంతంలో బట్టలు మడతపెట్టుకుని ప్రొపేన్‌కి వెళ్లండి. శని ఆదివారాల్లో చాలా ప్రొపేన్ షాపులు మూతే, కాబట్టి మీ రోజు వారం మధ్యలో పడేలా చూసుకోండి. క్లాస్ సిలో సిలిండరు ఉండదు, బండికి బిగించిన ట్యాంకు ఉంటుంది. కొట్టు ముందు బోనులో పెట్టి మార్చి ఇచ్చే సిలిండర్లు మీకు పనికిరావు. బండి తీసుకెళ్లి నింపించుకోవాలి. నింపే ముందు ఇంజన్, జనరేటర్, ఫ్రిజ్, హీటర్, స్టవ్ అన్నీ ఆపి, అమ్మానాన్నలతో సహా అందర్నీ కిందకి దించాలి. ట్యాంకు 80 శాతం వరకే నింపుతారు, మోసం కాదు, గ్యాస్ వ్యాకోచానికి చోటు. మార్చిలో అక్కడ పగలు ఎండ కాసినా రాత్రి గజగజలాడిస్తుంది. 30,000 బీటీయూ హీటర్ ఆగకుండా తిరిగితే ఒక గాలన్ మూడు గంటలే వస్తుంది. పెద్దవాళ్లున్నారు కాబట్టి సగం ట్యాంకు ఉందిలే అని వదిలేయకండి.

నీళ్ల దగ్గర ఒక హెచ్చరిక. ఊరి బయట ‘ఫ్రెష్ వాటర్’ అని పెద్ద బోర్డులు కనిపిస్తాయి. పక్కనే ‘బ్రైన్’ (ఉప్పునీళ్లు) అని కూడా ఉంటుంది. ఫ్రెష్ అంటే ఉప్పు లేనిదని మాత్రమే, డ్రిల్లింగ్ ట్రక్కులకి అమ్మే నీళ్లవి. తాగడానికి కాదు. ఆర్వీ ట్యాంకులో పార్కు కుళాయి నీళ్లే పట్టుకోండి, పట్టే ముందు ‘పోటబుల్’ (తాగదగినవి) అని రాసి ఉందో లేదో చూడండి. ఆ నీళ్లు కూడా గట్టి నీళ్లే, అందులో పప్పు ఉడకదని మా ఆవిడ ఫిర్యాదు. తాగడానికి, వంటకి, టీకి ఊళ్లో నీళ్లమ్మే కియోస్కులుంటాయి, ఐదు గాలన్ల డబ్బా తీసుకెళ్తే డాలరు రెండు డాలర్లలో నిండుతుంది. ఖాళీ డబ్బా ఒకటి అద్దె సామాన్లలో ఉండదు, కొనుక్కోండి. బ్లాక్ (టాయిలెట్), గ్రే (సింకు, స్నానం నీళ్ల) ట్యాంకులు మర్నాడు పార్కు వదిలే ముందు ఖాళీ చేయండి, ముందు బ్లాక్, తర్వాత గ్రే. ఆ సబ్బు నీళ్లతో గొట్టం కడిగినట్టవుతుంది. అంతకుమించి దీని గురించి చెప్పడానికేం లేదు, గ్లవుజులు మర్చిపోవద్దు.

సరుకులు ఒంటిగంట తర్వాత. బండిని పార్కింగ్ చివర, గేటుకి దూరంగా, రెండు గళ్లు కలిపి ఆపండి. ఇండియన్ స్టోర్ లేదు. ఆ బాధ అక్కర్లేదు, మెక్సికన్ సరుకుల వరస మన వంటింటికి దగ్గర చుట్టం. ‘తమరిందో’ అని పెంకుతో ఉన్న చింతకాయలు దొరుకుతాయి, నానబెట్టి పిసికితే పులుసు. కొత్తిమీర కట్ట మీ ఊళ్లో కంటే చవక. పచ్చిమిరపకి సెరానోలు తీసుకోండి, హాలపీన్యోల్లో నీళ్లెక్కువ. ‘హమైకా’ అని ఎండిన ఎర్ర పూలు కనిపిస్తాయి. ఎర్ర గోంగూర మొక్క కాయల చుట్టూ ఉండే రేకులవి, ఆ జాతే. కాసిని నానబెట్టి పచ్చడి రుబ్బితే పులుపు తీరుతుంది, గోంగూర అని మాత్రం అనలేం. చపాతీకి తాజా గోధుమ టోర్టిల్లాలు. బియ్యం, కందిపప్పు, ఇంగువ మాత్రం డాలస్ నుంచే. పేకోస్ కర్బూజాలు ఎండాకాలం చివర్లో వస్తాయి, మార్చిలో ‘పేకోస్’ అని ఎవరైనా అమ్మితే అది ఏ మెక్సికో పండో.

ఒక్క విషయంలో మీరు అదృష్టవంతులు, బండి చెడిపోతే ఇంతకంటే మంచి ఊరు లేదు. ఒకసారి పార్కులో లెవెల్ చేస్తుంటే మా ఫిఫ్త్ వీల్ జాక్ హైడ్రాలిక్ హోస్ చిట్లి, ఎర్రటి నూనె కంకర మీద మడుగు కట్టింది. ఆర్వీ డీలర్‌కి ఫోన్ చేస్తే పార్టు రావడానికి పది రోజులన్నాడు. పక్క ట్రైలర్లో ఉన్న వెల్డరు చూసి నవ్వి, హోస్ విప్పి పట్టుకుని తనతో రమ్మన్నాడు. ఊరి చివర ఆయిల్‌ఫీల్డ్ సప్లై షాపు. కౌంటర్లో ఉన్నామె పాత హోస్‌ని బల్ల మీద పెట్టి పొడుగు కొలిచి, చివరల్లో మరలు వేళ్లతో తడిమి సైజు చెప్పేసింది. రీలులోంచి కొత్తది కోసి, రెండు చివరలా ఫిట్టింగులు పెట్టి ప్రెస్సులో నొక్కింది. ఇరవై నిమిషాలు. “దీన్ని మీ ట్రైలర్ కంటే ఎక్కువ రోజులు వాడతారు” అంది. టైర్లు, వెల్డింగు, బ్యాటరీ ఏదైనా ఇంతే. మీది అద్దె బండి కాబట్టి ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకముందు కంపెనీకి ఫోన్ చేసి ఒప్పుకోలు తీసుకోండి, లేకపోతే డబ్బు తిరిగిరాదు. టైరు కొనాల్సొస్తే పక్క గోడ మీద ‘డాట్’ (DOT) అన్న అక్షరాల పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మెల్లిగా అమ్ముడుపోయే సైజుల్లో పాత సరుకు అంటగడతారు.

పెట్రోలు ఊరు వదిలే ముందు ఆఖరి పని, మర్నాడు పొద్దున తొమ్మిది తర్వాత. పెద్ద ట్రక్ స్టాపుకి వెళ్లండి. ట్రక్కుల వైపు కాకుండా కార్ల వైపు చివరి పంపు మీకు తిరగడానికి వీలు. అద్దె క్లాస్ సి దాదాపుగా పెట్రోలుదే, మూత మీద ఏముందో ఒకసారి చూడండి. తర్వాత ఎవరైనా డీజిల్ బండి అద్దెకి తీసుకుని ఇది చదువుతుంటే: ‘ఆఫ్-రోడ్’ అని రాసిన పంపు జోలికి వెళ్లొద్దు. అది పన్ను లేని ఎర్ర రంగు డీజిల్, పొలాలకి, రిగ్గులకి. రోడ్డు మీద వాడి దొరికితే ఫెడరల్ జరిమానా కనీసం వెయ్యి డాలర్లు. మీరు ట్యాంకు నిండా పట్టించండి. జనరేటర్ కూడా ఆ ట్యాంకులోంచే తాగుతుంది, పావు ట్యాంకు దగ్గరికి వస్తే అదే ఆగిపోతుంది, మిమ్మల్ని దారిలో నిలబెట్టకుండా అలా పెట్టారు. అక్కడి నుంచి ఫోర్ట్ స్టాక్టన్ మీదుగా యూఎస్ 385 పట్టుకుంటే దారి తేలిక. ఏదైనా మర్చిపోయారని గుర్తొస్తే ఫోర్ట్ స్టాక్టన్‌లోనే కొనేయండి, ఆ తర్వాత మారథాన్‌లో చిన్న కొట్లే.

అమ్మగారి పెరుగు. ఏ కిరాణాలోనైనా పంచదార లేని ప్లెయిన్ యోగర్ట్ తీసుకోండి, డబ్బా మీద ‘లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్’ అని ఉండాలి, అదే తోడు. వెన్న తీయని పాలు కాచి, వేలు పెట్టగలిగేంత గోరువెచ్చగా అయ్యాక తోడేసి, మూత పెట్టిన గిన్నెని ఐస్ చెస్ట్‌లో పెట్టమనండి. పక్కన వేడినీళ్ల సీసా ఒకటి తువ్వాలులో చుట్టి పెడితే రాత్రంతా వెచ్చగా ఉంటుంది. తోడు దొరక్కపోతే మా అమ్మ సెరానో తొడిమలు నాలుగు వేసి కూడా తోడుబెట్టింది, మొదటిసారి పల్చగా, రెండోసారికి గట్టిగా వచ్చింది. బండి ఆపాకే తోడెయ్యాలి. పొద్దున కదిలేలోపు ఫ్రిజ్‌లోకి మార్చకపోతే, 285 గుంతలకి మధ్యాహ్నానికి మజ్జిగే మిగులుతుంది.